ఎవరి చెమట మీద ఈ విశ్రాంతి?

నలభై అయిదేళ్లకే పని మానేసి, కూడబెట్టిన సొమ్ము మీద మిగతా బతుకు నిశ్చింతగా గడపాలన్న కోరిక ఒకప్పుడు హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల నోట వినిపించేది. ఇప్పుడది సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల దాకా వచ్చింది. అడవి ఒడ్డున ఉన్న వీర్నపల్లి లాంటి మండలంలో కూడా చేతిలోని ఫోనులోనే బ్యాంకు ఖాతా, మ్యూచువల్ ఫండ్, బిట్‌కాయిన్ అన్నీ అందుతున్నాయి. ఎంత కూడబెట్టాలి, ఎందులో ఎంత పెట్టాలి అన్నవి ఆర్థిక సలహాదారులు చెప్పే లెక్కలు. ఆ లెక్కలు అవసరమే. వాటికన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఒంట్లో సత్తువ ఉండగానే సంపాదన మానుకోవడం ధర్మమేనా? ధర్మమే అయితే ఏ సొమ్ముతో, ఏ షరతు మీద? ముందే విశ్రాంతి కోరడంలో తప్పేమీ లేదని నేను నమ్ముతున్నాను. అయితే ఆ విశ్రాంతికి అర్హత వయసు వల్ల రాదు, కూడిన మొత్తం వల్లా రాదు. మనం ఇతరులకు తీర్చాల్సిన రుణం తీరినప్పుడే వస్తుంది. రుణం మిగిలి ఉండగా తీసుకున్న విశ్రాంతిని ఎవరో ఒకరు తమ చెమటతో మోయాల్సిందే.

ఈ కోరిక ఎక్కడ పుట్టిందో తెలియాలంటే సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిపే మనిషిని దగ్గరగా చూడాలి. పన్నెండు గంటల షిఫ్టు. నాలుగైదు సాంచాలు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ, ఒక్కడే చూసుకోవాలి. ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ కండె అయిపోయిందో కనిపెట్టి అటు ఉరకాలి. పక్కవాడి మాట వినపడనంత మోత, గాలి నిండా నూలు దుమ్ము. కూలి మీటర్ల లెక్కన వస్తుంది కాబట్టి సాంచా ఆగితే కూలీ ఆగుతుంది. అదే ఇంట్లో అతని భార్య తునికాకు నానబెట్టి, కత్తెరతో కొలతకు కత్తిరించి, తంబాకు నింపి చుట్టి, దారం కట్టి, మూతి మలిచి వెయ్యి బీడీల లెక్క పూర్తి చేయాలి. బాగా లేవని ఏరి పక్కన పడేసినవాటికి పైసా రాదు. కోరుట్ల, జగిత్యాల పల్లెల నుంచి దుబాయి, సౌదీ, కువైట్ పోయినవాళ్లది మరో కష్టం. ఎర్రటి ఎండలో పని, లేబర్ క్యాంపులో పడక, ఏళ్లకోసారి ఇల్లు. ఇలాంటి మనిషి నలభై అయిదుకే ఇక చాలు అంటే దాన్ని సోమరితనం అనే హక్కు ఎవరికీ లేదు. ఆ సంగతి ప్రభుత్వమే ఒప్పుకుంది. 2014లో మొదలైన ఆసరా పథకంలో నేత, గీత కార్మికులకు 50 ఏళ్లకే పింఛను అర్హత ఇచ్చారు. మామూలు వృద్ధులకు అది 65 ఏళ్లు. 2022లో 57కు తగ్గింది. ఉద్యోగుల విరమణ వయసును 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం 58 నుంచి 55కు దించింది, తర్వాత అది మళ్లీ 58 అయింది, 2021లో తెలంగాణ ప్రభుత్వం 61 చేసింది. అంటే పని మానే వయసు మనుషులు అవసరాన్ని బట్టి గీసుకునే గీత. ఫలానా ఏడు వచ్చేదాకా సంపాదించి తీరాలన్న ధర్మం ఎక్కడా లేదు.

మన సంప్రదాయం కూడా ఈ విషయంలో అంకె చెప్పలేదు, గుర్తు చెప్పింది. వెంట్రుకలు నెరిసి, ముఖాన ముడతలు పడి, కొడుకుకు కొడుకు పుట్టాక గృహస్థుడు అడవికి పోవచ్చని మనుస్మృతి అంటుంది. ఆ మాట చెప్పినవాళ్ల దృష్టిలో మగ్గం మీద కూర్చున్న మనిషి లేడన్నది నిజం; ఆశ్రమ ధర్మాలు అందరినీ ఉద్దేశించినవి కావు. అయినా అందులో అందరికీ పనికొచ్చే ఆలోచన ఒకటుంది. మనవడు పుట్టడమంటే ఇంటి బరువు ఎత్తుకునే చేతులు సిద్ధమయ్యాయని అర్థం. తన వంతు బాధ్యత మరొకరి చేతిలో భద్రంగా పడిన తర్వాతే మనిషి తప్పుకోవాలి. ఆ మాట తర్వాత, మోక్షం మీద మనసు పెట్టేవాడు దేవతలకు, ఋషులకు, పితృదేవతలకు ఉన్న మూడు రుణాలు తీర్చుకోవాలన్న నియమమూ ఉంది. అవి తీర్చకుండా విరక్తుడినయ్యానని బయలుదేరిన వాడిని ఆ సంప్రదాయం మెచ్చుకోలేదు.

దీనికి మొదటి అభ్యంతరం భగవద్గీత వైపు నుంచే వస్తుంది. క్షణకాలమైనా కర్మ చేయకుండా ఎవరూ ఉండలేరని కృష్ణుడు చెప్పాడు కదా, జనకుడు రాజ్యం చేస్తూనే సిద్ధి పొందాడు కదా, మరి ముందే పని మానడం పలాయనం కాదా అని అడుగుతారు. అభ్యంతరం బలమైనదే. గీత పద్దెనిమిదో అధ్యాయం దీన్ని ఇంకా పదును పెడుతుంది. ఒంటికి కష్టమని భయపడి చేయవలసిన పని వదిలేస్తే అది రాజస త్యాగం, దానివల్ల త్యాగఫలం రాదు అంటుంది. అయితే అక్కడ వదలకూడదన్నది చేయవలసిన కర్మను, కూలిని కాదు. యజ్ఞం, దానం, తపస్సు మానకూడదంటాడు కృష్ణుడు. చచ్చేదాకా జీతానికి పని చేయాలని ఎక్కడా అనలేదు. పొద్దంతా సాంచాల మధ్య నిలబడ్డ మనిషి ఆ పని మాని పిల్లలకు చదువు చెప్పినా, చెరువు కట్ట మీద చెట్లు పెంచినా, మంచాన పడ్డ తల్లిని చూసుకున్నా కర్మ ఆగలేదు, కూలి మాత్రమే ఆగింది. కాబట్టి గీత పెట్టే పరీక్ష ఇది: నువ్వు దేన్ని వదులుతున్నావు? సంపాదననా, బాధ్యతనా? ముందస్తు విరమణ కోరే ప్రతి ఒక్కరూ ఈ ప్రశ్నకు తమకు తాము జవాబు చెప్పుకోవాలి.

బాధ్యత తీరిందా లేదా అని కొలవడానికి రుణం కన్నా స్పష్టమైన కొలత లేదు. గృహస్థుడికి నాలుగు సుఖాలున్నాయని బుద్ధుడు అనాథపిండికుడనే తన భక్తుడికి చెప్పాడు. న్యాయంగా సంపాదించింది ఉండటం, దాన్ని అనుభవించడం, ఎవరికీ అప్పు లేకపోవడం, నిందలేని నడవడి. ముందస్తు విరమణ గురించి నేడు చెప్పేదంతా మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతుంది. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో బౌద్ధ స్తూపం కట్టినవాళ్లకు తెలిసిన ఆ మూడో సుఖం ఈ నేల మీదే మరుగునపడింది. ఖురాన్‌లోని అతి పొడవైన ఆయత్ అప్పును సాక్షుల ముందు రాసుకోవడం గురించే ఉంది. ఏ మతం చూసినా అప్పు కేవలం ఆర్థిక విషయం కాదు, మనిషికీ మనిషికీ మధ్య ఉన్న బంధం. మన పల్లెల్లో వీసాకు చేసిన అప్పు, బిడ్డ పెండ్లికి చేసిన అప్పు, బోరుకు చేసిన అప్పు నూటికి నెలకు రెండు మూడు రూపాయల మిత్తి మీద నడుస్తుంటాయి. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36 శాతం. ఏ ఫిక్స్‌డ్ డిపాజిట్టూ, ఏ ఫండూ ఏటా తప్పకుండా అంత రాబడి ఇవ్వలేదు. కాబట్టి అప్పు తీర్చడమే చేతిలో ఉన్న అన్నిటికన్నా మంచి పెట్టుబడి. మిత్తి కడుతూ మరోపక్క బిట్‌కాయిన్ కొనే మనిషి ధర్మం తప్పడమే కాదు, లెక్క కూడా తప్పుతున్నాడు. ఈ విషయంలో లెక్కా ధర్మమూ ఒకే మాట చెబుతున్నాయి.

ఇంకో అప్పు కాగితం మీద కనిపించదు. పశ్చిమ దేశాల్లో ప్రచారమైన సూత్రం ప్రకారం ఏడాది ఖర్చుకు 25 రెట్లు కూడబెడితే మొదటి ఏడాది అందులో నాలుగు శాతం, ఆపైన ధరలను బట్టి ఆ మొత్తాన్ని పెంచుకుంటూ తీసుకుని బతకవచ్చు. 1994లో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు అమెరికా మార్కెట్ చరిత్ర చూసి, ముప్పై ఏళ్ల విరమణకు వేసిన లెక్క అది. నెలకు 25 వేలతో గడిచే ఇంటికి ఆ లెక్కన 75 లక్షలు కావాలి. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే పన్నెండేళ్లకు ఖర్చు రెట్టింపు అవుతుంది; ఇవాళ 25 వేలతో గడిచే సంసారానికి 24 ఏళ్ల తర్వాత నెలకు లక్ష కావాలి. నలభై అయిదులో పని మానినవాడికి అప్పుడు 69 ఏళ్లు, ఆస్పత్రి ఖర్చులు ముసిరే వయసు. లెక్క తప్పితే ఆ లోటు ఎవరు పూడుస్తారు? చాలా ఇళ్లలో దానికి జవాబు ఒక్కటే: బీడీలు చుట్టే భార్య. మగవాడు విశ్రాంతి అనుకునేది ఆమె వేళ్ల మీద నడుస్తుంది. బీడీ కార్మికులకు 2019 నుంచి వచ్చే నెలకు రూ. 2,016 జీవనభృతి కూడా ఆ ఇంటి ఖర్చులోనే కలిసిపోతుంది. ఇంట్లో ఒకరు పని మానాలంటే మరొకరు రెట్టింపు పని చేయాల్సి వస్తే, దాన్ని విరమణ అనడం న్యాయం కాదు. అది భార్య మీద మోపిన అప్పు. పత్రం రాసుకోలేదు కాబట్టి తీర్చాలన్న తలంపు కూడా ఎవరికీ రాదు.

ఇప్పుడు క్రిప్టో సంగతి. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో తొలి శాతవాహన రాజు సిముకుడి నాణేలు దొరికాయి. వాటిని చెలామణి చేసిన అధికారం పోయింది, ఊళ్లో ఆ నాణేనికి సరుకిచ్చే మనిషీ పోయాడు, లోహం మిగిలింది. డబ్బు విలువ ఎప్పుడూ నమ్మకంలోనే ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కాబట్టి కంటికి కనిపించదు, ప్రభుత్వం ముద్రించదు అన్న ఒక్క కారణంతో క్రిప్టోను తోసిపుచ్చలేం. 2008లో సతోషి నకమోతో పేరుతో వెలువడిన పత్రం బ్యాంకును నమ్మకుండానే లెక్కను నమ్మే మార్గం చూపింది. దాన్ని అమలు చేసిన సాఫ్ట్‌వేర్ రెండు కోట్ల పది లక్షలకు మించి బిట్‌కాయిన్లు ఉండవన్న నియమం పెట్టింది. అది తెలివైన నిర్మాణమే. 2018లో రిజర్వు బ్యాంకు పెట్టిన బ్యాంకింగ్ ఆంక్షలను 2020 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2022 నుంచి లాభం మీద 30 శాతం పన్ను ఉంది. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరోదాని లాభంలో తీసివేసుకోవడానికి వీల్లేదు. అంటే కొనడం నేరం కాదు, దానికి రక్షణా లేదు. 2021 నవంబరులో 69 వేల డాలర్ల దగ్గర ఉన్న బిట్‌కాయిన్ ఏడాది తిరిగేసరికి 16 వేల లోపుకు పడింది. 2024 డిసెంబరులో లక్ష దాటింది. ఓపిక పట్టినవాడు గెలిచాడని అంటారు. ఓపిక పట్టగలిగేది ఆ ఏడాది పిల్లల ఫీజు కట్టనక్కర్లేనివాడే.

అయినా పడటం, లేవడం నాకు ప్రధానం కాదు. లాభం ఎక్కడి నుంచి వస్తోందన్నది ప్రధానం. సిరిసిల్లలో 1970లో సహకార విద్యుత్ సరఫరా సంఘం, అందరూ సెస్ అని పిలిచేది, మొదలైంది. వాడకందారులే అందులో సభ్యులు. ఆ సంఘం పెట్టుబడి తీగలై పల్లెలకు చేరింది, పొలాల్లో మోటార్లు తిప్పింది, సాంచాలు నడిపింది. పాత కరీంనగర్ జిల్లాలోని ముల్కనూరులో 1956లో మొదలైన సహకార సంఘంలో రైతు పొదుపు చేసిన రూపాయి పక్క రైతుకు పంట అప్పుగా వెళ్లి, పంటై తిరిగి వచ్చింది. ఇలాంటి చోట వచ్చే రాబడి ఎవరి జేబూ కొట్టి తెచ్చింది కాదు. కొత్తగా పుట్టిన విలువలో వాటా. బిట్‌కాయిన్ పండదు, నేయదు, అద్దె తేదు. నేను కొన్న ధర కన్నా ఎక్కువ పెట్టి మరొకరు కొంటేనే నాకు లాభం. ఆ మరొకరు చివర్లో వచ్చిన మనిషి అయితే, నా విశ్రాంతికి తెలియకుండా డబ్బు కట్టింది అతనే. అతని ముఖం నేను చూడను, అంతే తేడా. ఋగ్వేదం పదో మండలంలోని అక్షసూక్తం జూదరిని తిట్టి ఊరుకోదు. విడిచిపెట్టిన భార్య దుఃఖాన్ని, తల్లి దుఃఖాన్ని, అప్పులపాలై రాత్రివేళ పరుల ఇళ్ల చుట్టూ తిరిగే అతని భయాన్ని చూపించి, చివరికి పాచికలు వదిలి పొలం దున్నుకోమంటుంది. వేల ఏళ్ల కిందటి ఆ కవికి తెలిసిన భేదం, ఒకరి నష్టంతో వచ్చే సొమ్ముకూ నేల నుంచి వచ్చే సొమ్ముకూ ఉన్న భేదం, ఇవాళ్టికీ చెరగలేదు.

అలాగైతే భూమి కొని ధర పెరగ్గానే అమ్మేవాడు, షేర్లు ఉదయం కొని సాయంత్రం అమ్మేవాడు, బంగారం కొని బీరువాలో పెట్టేవాడు చేస్తున్నదేమిటి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దున్నని భూమిని కేవలం ధర కోసం చేతులు మార్చడం నా దృష్టిలో అదే కోవలోకి వస్తుంది; సంప్రదాయ పెట్టుబడి అన్న పేరు దాన్ని కడగలేదు. షేరు అంటే నడిచే వ్యాపారంలో వాటా. ఏళ్ల తరబడి ఉంచుకుంటే ఆ వ్యాపారం సంపాదించినదాంట్లో భాగం వస్తుంది, రోజూ అమ్మి కొంటే పందెమవుతుంది. బంగారమూ పండదు, నిజమే. దాన్ని మన ఇళ్లు ఉంచుకునేది రాబడికి కాదు, ఆపదకు. సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు సంపాదనను నాలుగు పాళ్లు చేయమంటాడు: ఒక పాలు అనుభవానికి, రెండు పాళ్లు వృత్తి వ్యాపారాలకు, నాలుగో పాలు ఆపదలకు. క్రిప్టో ఆ నాలుగో పాలు కాగలదా అన్నదే అసలు పరీక్ష. 2020 మార్చిలో కరోనా భయం లోకమంతా కమ్మినప్పుడు రెండు రోజుల్లో బిట్‌కాయిన్ విలువ దాదాపు సగానికి పడింది. గల్ఫ్‌లో పనులు ఆగిపోయి, ఇక్కడ సాంచాలు ఆగిపోయి, ఇంటికి పైసలు కావలసి వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. అదే ఏడాది బంగారం ధర కొత్త ఎత్తులకు పోయింది. ఆపదలో చేతికందనిదాన్ని ఆపద కోసం దాచుకోవడం వివేకం కాదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం పేదవాడిది. నెలకు రెండు వేలు మిగిలే మనిషికి ఏడు శాతం వడ్డీ ఎన్నేళ్లకు విముక్తి తెస్తుంది? పెద్ద పందెం కాయకపోతే తన జన్మంతా సాంచా దగ్గరే గడుస్తుంది కదా, జాగ్రత్త అనేది ఉన్నవాళ్లు లేనివాళ్లకు చెప్పే నీతి కదా అంటాడు. ఈ మాటలో బాధ ఉంది, నిజం కూడా ఉంది. పొదుపు ఒక్కటే పేదవాడిని గట్టెక్కించదు. ఎక్కిస్తుందని చెప్పడం అబద్ధం. కానీ ఆ పందెంలో ఒడ్డేది ఎవరి సొమ్ము? ద్రౌపది సభలో అడిగింది ఇదే. తనను తాను ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిది అని. దుబాయి నుంచి పంపిన పైసల్లో భార్య ఒంటరితనం ఉంది, పిల్లల చదువు ఉంది, ముసలి తండ్రి మందులు ఉన్నాయి. అది ఒక్కడి సొమ్ము కాదు కాబట్టి ఒక్కడు ఒడ్డడానికి వీల్లేదు. ఉన్నవాడు ఓడితే లాభం తగ్గుతుంది, లేనివాడు ఓడితే పిల్లవాడు బడి మాని సాంచా దగ్గరికి పోతాడు. పేదవాడికి నిజంగా దారి చూపగలిగేది పందెం కాదు, నలుగురూ కలిసి మోసే పొదుపు. 2017లో వచ్చిన నేతన్నకు చేయూత పథకంలో కార్మికుడు కూలిలో కొంత జమ చేస్తే ప్రభుత్వం తన వాటా కలిపేది. అలాంటి ఏర్పాట్లు ఎడతెగకుండా నడవాలనీ, భవిష్యనిధి కింద 2014లో వెయ్యి రూపాయలుగా ఖరారు చేసిన కనీస పింఛను మనిషి బతకగలిగేంత కావాలనీ గట్టిగా అడగడమే ఆ కష్టానికి తగిన జవాబు.

ఇక భక్తుల సందేహం. రేపటి గురించి ఇంత లెక్క వేయడమే దేవుడి మీద నమ్మకం లేకపోవడం కాదా? వేములవాడ రాజన్నకు కోడె కట్టి మొక్కిన మనిషికి మ్యూచువల్ ఫండ్ ఎందుకు? లూకా సువార్తలో యేసు చెప్పిన కథలో ఒక ధనవంతుడు పంట బాగా పండితే పెద్ద కొట్లు కట్టి, ఇక ఏళ్ల తరబడి తిని తాగి సుఖంగా ఉంటాననుకున్నాడు; ఆ రాత్రే ప్రాణం పోయింది. ముందస్తు విరమణ కోరేవాడి కథే అది. అయితే అతని తప్పు ధాన్యం దాచడం కాదు. అతని ఆలోచన అంతటిలో తాను తప్ప మరో మనిషి లేడు. పంట కోసిన కూలీ లేడు, ఆకలిగొన్న పొరుగువాడు లేడు. ఇస్లాం కూడా సంపద కూడదనలేదు. అదృష్టం మీద ఆధారపడ్డ జూదాన్ని నిషేధించి, ఏడాది పాటు నిలిచిన సంపదలో రెండున్నర శాతం జకాత్‌గా ఇమ్మంది. లెక్క వేయడం భక్తికి విరుద్ధం కాదు. ఆ లెక్కలో ఇతరులు లేకపోవడమే విరుద్ధం.

కాబట్టి నలభై అయిదుకో యాభైకో పని మానాలనుకునేవారు పాటించవలసిన వరుస నాకు స్పష్టంగానే కనిపిస్తోంది. మొదట మిత్తి అప్పు తీరాలి. తర్వాత ఇంటికి ఆరోగ్య బీమా, ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. ఆపైన భవిష్యనిధి, పీపీఎఫ్, సహకార డిపాజిట్టు, ఏళ్ల తరబడి కదపని ఫండు లాంటివి. ఇవన్నీ పూర్తయ్యాక, పోయినా ఇంట్లో ఎవరి అన్నం ముద్దా తగ్గదన్నంత చిన్న మొత్తం, అదీ భార్యాభర్తలిద్దరికీ తెలిసి, క్రిప్టోలో పెట్టుకుంటే దాన్ని నేను అధర్మం అనను. విరమణకు ఆధారం అని కూడా అనను. పని మానే రోజున ఇంట్లో ఆడమనిషి పని కూడా తగ్గాలి. తగ్గకపోతే ఆ రోజు ఇంకా రాలేదని అర్థం. పని మానాక ఊరికి ఏదో ఒక రూపంలో ఆ సమయం తిరిగి చేరాలి, ఎందుకంటే మన రోడ్డు, మన బడి, మన కరెంటు తీగ అన్నీ ఇతరుల శ్రమే. అన్నిటికీ మించి, మన విశ్రాంతి ధర్మమని ఒప్పుకుంటే సాంచాల కార్మికుడి విశ్రాంతి, బీడీ కార్మికురాలి విశ్రాంతి మరింత ధర్మమని ఒప్పుకోవాలి. వాళ్లకు దక్కని హక్కును మనం డబ్బుతో కొనుక్కుని తృప్తి పడితే రుణం తీరినట్టు కాదు. వాళ్ల పింఛను కోసం, కూలి కోసం గొంతు కలిపినవారికే తమ ముందస్తు విశ్రాంతిని న్యాయమైనదని చెప్పుకునే అర్హత ఉంటుంది.